క్వార్టర్ సీసా మీద ఒకటిన్నర మిల్లీమీటరు హెచ్చరిక

ఆవకాయ సీసా మీద ఏమేం ఉండాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. లేబుల్ డిజైనింగే నా ఉద్యోగం. పచ్చళ్ళు, కారప్పొడులు, స్వీట్లు, నెయ్యి, బిస్కెట్లు ఇలా చిన్న చిన్న కంపెనీల పనంతా మా దగ్గరికి వస్తుంది, వాళ్ళకి రుచి తెలుసు కానీ రూల్స్ తెలీవు, అవి మేమే చూసుకోవాలి. అందులో వేసిన దినుసులన్నీ ఎక్కువ నుంచి తక్కువ వరసలో రాయాలి, వంద గ్రాములకి ఎనర్జీ ఎంత, ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత, అందులో విడిగా కలిపిన చక్కెర ఎంత, కొవ్వు ఎంత, సోడియం ఎంత అని టేబుల్ వేయాలి, వెజ్ గుర్తు, పద్నాలుగు అంకెల లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎన్నాళ్ళలోపు వాడాలి, కంపెనీ అడ్రసు, ఇవన్నీ ఉండాల్సిందే. ఒక్కటి తప్పినా ప్రింట్ అయిన రోల్ మొత్తం పక్కన పడేయాలి. ఇందులో నాకు కంప్లైంటేమీ లేదు, తినేవాళ్ళకి ఏం తింటున్నారో తెలియాలి కదా.

ఇప్పుడు అదే కళ్ళతో ఒక క్వార్టర్ సీసాని చూడండి. 180 ఎంఎల్. ముందువైపు బంగారు రంగులో బ్రాండ్ పేరు, కిరీటమో గుర్రమో ఏదో ఒక బొమ్మ, మూత దగ్గర ఎక్సైజ్ వాళ్ళ హోలోగ్రామ్, ఎంఆర్‌పీ, ఫలానా రాష్ట్రంలో అమ్మడానికి మాత్రమే అని ఒక లైను. ప్రభుత్వానికి తన పన్ను తనకి రావడానికి ఏమేం కావాలో అవన్నీ సీసా మీద చక్కగా ఉంటాయి. తాగేవాడి కోసం ఉండేవి రెండే. 42.8 శాతం వి/వి, అంటే సీసాలో ఉన్నదాంట్లో అంత శాతం ఆల్కహాలే, అని ఒక అంకె (పక్కనే 75 డిగ్రీల ప్రూఫ్ అని కూడా ఉంటుంది, దాని అర్థం తెలిసినవాడిని మా వాడకట్టులో నేను చూళ్ళేదు), ఆ తర్వాత ఒక హెచ్చరిక. న్యూట్రిషన్ టేబుల్ అక్కర్లేదు. బిస్కెట్ ప్యాకెట్‌కి తప్పనిసరి అయింది మందు సీసాకి ఎందుకు కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ హెచ్చరిక సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది నా పనికి సంబంధించిన విషయం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, వాళ్ళు 2018లో ఆల్కహాల్ డ్రింకుల కోసం విడిగా రూల్స్ తెచ్చారు, 2019 ఏప్రిల్ 1 నుంచి సీసాల మీద హెచ్చరిక తప్పనిసరి అయింది. మద్యం సేవించడం ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు, క్షేమంగా ఉండండి, అదీ దాని సారాంశం, ఇంగ్లీషులో క్యాపిటల్ అక్షరాల్లో. రాష్ట్రం కావాలనుకుంటే తమ భాషలో వేయించుకోవచ్చు అని కూడా ఉంది. ఇక అక్షరాల సైజు, 200 ఎంఎల్ దాటిన సీసాకి కనీసం 3 మిల్లీమీటర్లు, 200 ఎంఎల్ లోపు సీసాకి 1.5 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

ఒకటిన్నర మిల్లీమీటరు క్యాపిటల్ అక్షరం అంటే మా లెక్కలో దాదాపు ఆరు పాయింట్ల ఫాంట్, మెడిసిన్ డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం ఉంటుంది చూడండి, ఆ సైజు. సాయంత్రం కూలి పని ముగించుకుని వైన్స్ పక్కన ట్యూబ్‌లైట్ వెలుతురులో నిలబడ్డ యాభై ఏళ్ళ మనిషి దాన్ని చదవగలడా? ఫుల్ బాటిల్ కొనేవాడికి పెద్ద అక్షరాలు, క్వార్టర్ కొనేవాడికి సగం సైజు. మన దగ్గర రోజు కూలీ చేసుకునేవాడు కొనేది క్వార్టరే, లేదంటే నైంటీ. అంటే ఎవరికి ఎక్కువ చెప్పాలో వాళ్ళకే తక్కువ కనపడేలా రూల్ రాశారు. కావాలని చేశారని అనను, సీసా చిన్నది కాబట్టి అక్షరం చిన్నది అని ఆఫీసులో కూర్చుని లెక్కేసుకుని ఉంటారు, కానీ ఫలితం మాత్రం ఇదే.

ఇదే సైజులో తెలుగులో వేసినా పెద్ద ఉపయోగం లేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఇంగ్లీషు క్యాపిటల్స్ ఒకటిన్నర మిల్లీమీటర్లో కష్టపడైనా చదవొచ్చు, తెలుగులో గుణింతం పైన, వత్తు కింద, ఆ సైజులో ప్రింట్ చేస్తే సిరా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మచ్చలా పడుతుంది. నేను నమూనా ప్రింట్ తీసి చూశాను. తెలుగు హెచ్చరిక అని ఎవరైనా జీవో ఇస్తే అందులో సైజు కూడా తెలుగు లిపిని బట్టి రాయాలి, లేకపోతే తెలుగులో వేశాం అని చెప్పుకోవడానికే పనికొస్తుంది.

ఇప్పుడు ఆ 42.8 అంకె. 180 ఎంఎల్‌లో 42.8 శాతం అంటే 77 ఎంఎల్ స్వచ్ఛమైన ఆల్కహాల్, బరువులో చూస్తే 61 గ్రాములు. చాలా దేశాల్లో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాములు అని లెక్క. అంటే ఒక క్వార్టర్‌లో ఆరు డ్రింకులు ఉన్నాయి. స్ట్రాంగ్ బీరు 650 ఎంఎల్, 8 శాతం అయితే 41 గ్రాములు, అదీ నాలుగు డ్రింకులే. బీరే కదా అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. ఈ లెక్క వేయడానికి నాకు కాలిక్యులేటరు కావాల్సొచ్చింది, సాంద్రత 0.79తో గుణించాలి అని తెలియాల్సొచ్చింది. అదే సీసా మీద "ఇందులో 61 గ్రాముల ఆల్కహాల్ ఉంది" అని రాస్తే ఎవరికైనా తెలిసిపోతుంది కదా.

మా బాబాయి మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులో గుమాస్తా. రోజూ రాత్రి అన్నానికి ముందు ఒక క్వార్టర్, అంతే, గొడవ లేదు, కింద పడటం లేదు, పిన్నిని ఒక్క మాట అనేవాడు కాదు. మేం ఏమైనా అంటే "నేనేమన్న తాగుబోతునా బిడ్డా, రోజుకొక క్వార్టరే గదా" అనేవాడు. ఆ మాట ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా నమ్మాడు, మేమూ నమ్మాం. మన ఊళ్ళల్లో తాగుబోతు అంటే రోడ్డు మీద పడిపోయేవాడు, ఇంట్లో కొట్టేవాడు. రోజుకి ఆరు డ్రింకులు నిశ్శబ్దంగా తాగేవాడికి ఆ పేరు లేదు. తర్వాత ముద్ద మింగుడు పడటం లేదని హైదరాబాద్ తీసుకొచ్చారు, ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో క్యాన్సర్ అన్నారు. పిన్ని డాక్టర్ని అడిగిన మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది, "మందుకి లివర్ పాడైతదని ఎరుకే సారూ, బీడీ గూడ ముట్టనోడు, గొంతుల ఎట్లొచ్చింది?" అని. డాక్టరు ఓపికగా చెప్పారు, ఒక మనిషికి ఇందువల్లే వచ్చిందని గీత గీసి చెప్పలేం, కానీ మద్యం వల్ల ఈ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందన్నది మాత్రం ఎప్పటినుంచో తెలిసిందే అని.

ఎప్పటినుంచో అంటే 1988 నుంచి. డబ్ల్యూహెచ్‌ఓ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఆ ఏడాదే మద్యాన్ని గ్రూప్ 1లో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని గట్టి ఆధారాలు ఉన్న జాబితా, పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న జాబితానే. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, లివర్, పెద్దపేగు, ఆడవాళ్ళలో రొమ్ము, ఏడు చోట్ల. లోపలికి వెళ్ళిన ఆల్కహాల్‌ని శరీరం ముందు ఎసిటాల్డిహైడ్ అనే పదార్థంగా మారుస్తుంది, అది మన కణాల్లోని డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది, విస్కీ అయినా వైన్ అయినా బీరు అయినా జరిగేది అదే. 2023 జనవరిలో డబ్ల్యూహెచ్‌ఓ ఇంత తాగితే ఆరోగ్యానికి ఏమీ కాదు అని చెప్పగల మోతాదే లేదని తేల్చి చెప్పింది. 2025 జనవరిలో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద అక్కడి ప్రభుత్వ ముఖ్య డాక్టరు) వివేక్ మూర్తి మద్యం, క్యాన్సర్ సంబంధం మీద అడ్వైజరీ ఇచ్చి సీసాల మీద ఆ మాట రాయాలని సిఫార్సు చేశారు. ఇంత తెలిసిన విషయం మన సీసా మీద ఒక్క ముక్క లేదు. సినిమా మొదలయ్యే ముందు నుంచీ సీన్ మూలన కనపడే "మద్యపానం ఆరోగ్యానికి హానికరం" మనందరికీ కంఠతా వచ్చు, కానీ హానికరం అంటే ఏమిటి, ఎంత తాగితే, ఒంట్లో ఎక్కడ, అది ఎవరూ చెప్పలేదు. తెలిసే తాగుతున్నారు కదా అనేవాళ్ళకి నా జవాబు ఇదే, మా బాబాయికి తెలీదు.

సిగరెట్ ప్యాకెట్ చూడండి. 2016 ఏప్రిల్ నుంచి రెండు వైపులా 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక. కంపెనీలు చాలా గొడవ చేశాయి, అయినా వచ్చింది. ప్యాకెట్ డిజైన్ చేసేవాళ్ళకి మిగిలింది 15 శాతం జాగానే. మందు సీసాకి వచ్చేసరికి బంగారు రంగు మొత్తం కంపెనీది, హెచ్చరికది ఒక్క లైను.

ఇక యాడ్లు. టీవీలో మందు యాడ్లు నేరుగానైనా చుట్టుతిప్పి అయినా వేయకూడదని కేబుల్ టీవీ రూల్స్‌లో 2000లోనే తెచ్చారు. పాతికేళ్ళు. ఈ పాతికేళ్ళలో మనం చూసిందేమిటి, సోడా యాడ్లు, మ్యూజిక్ సీడీల యాడ్లు, గ్లాసుల యాడ్లు, తాగే నీళ్ళ యాడ్లు. పేరు అదే, లోగో అదే, రంగు అదే, ట్యూన్ అదే. సీడీలు కొనే కాలం పోయాక కూడా సీడీల యాడ్లు వచ్చాయి. ఇప్పుడు కొత్తగా 0.0 అని ఆల్కహాల్ లేని బీర్లు, సీసా మాత్రం అచ్చం అదే. ఒక డిజైనర్‌గా చెప్తున్నా, లోగో, రంగు, అక్షరాల రూపం ఇవి మూడూ ఒకటే అయితే ఆ యాడ్ దేని గురించో అడగాల్సిన పనే లేదు, మా పనే అది, జనం చదవకుండానే గుర్తుపట్టేలా చేయడం.

2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ, సీసీపీఏ, తప్పుదోవ పట్టించే యాడ్ల మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది, సరోగేట్ యాడ్లు, అంటే మందు పేరుతో ఇంకో వస్తువు చూపించే యాడ్లు, నిషేధం అని అందులో స్పష్టంగా ఉంది. 2025 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి ఐపీఎల్ వాళ్ళకి లెటర్ వెళ్ళింది, స్టేడియంలో గానీ టీవీలో గానీ పొగాకు, మద్యం యాడ్లు సరోగేట్‌తో సహా ఆపండి అని. లెటర్ రాయాల్సి వచ్చిందంటేనే పరిస్థితి ఏంటో అర్థం అవుతుంది. బెంగళూరు టీమ్ పేరే ఒక విస్కీ పేరు నుంచి వచ్చింది, 2008లో టీమ్ కొన్నదే లిక్కర్ కంపెనీ. మావాడు తొమ్మిదో క్లాసు, ఆ టీమ్ అంటే ప్రాణం, నేను వాడి అభిమానాన్ని తప్పు పట్టను, ఆట ఆటే. కానీ మొన్న మ్యాచ్ మధ్యలో ఒక సోడా యాడ్ వస్తుంటే వాడు ట్యూన్ అందుకుని పాడేశాడు, ఆ సోడా ఎప్పుడైనా తాగావా అంటే ఎక్కడా దొరకదు కదమ్మా అన్నాడు. కిరాణా షాపులో దొరకని సోడాకి కోట్లు పెట్టి యాడ్ ఎందుకు చేస్తారో పద్నాలుగేళ్ళ పిల్లాడికి కూడా అర్థమైంది. 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మందు అమ్మకూడదని మన రెండు రాష్ట్రాల్లోనూ రూల్ ఉంది, యాడ్ మాత్రం పద్నాలుగుకే ఇంట్లోకి వచ్చేసింది.

2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జిత్ దొసాంజ్ హైదరాబాద్ కచేరీకి ముందు మద్యం పొగిడే పాటలు పాడొద్దని తెలంగాణ అధికారులు నోటీసు ఇచ్చారు గుర్తుందా. పిల్లల కోసం అన్నారు, మంచిదే, నేను సమర్థిస్తా. అయితే ఒక సాయంత్రం పాటకి ఇచ్చిన నోటీసు రోజూ కనపడే బోర్డులకీ ఇవ్వాలి. సుప్రీంకోర్టు 2016 డిసెంబరు తీర్పులో హైవేల పక్కన షాపులు తీసేయమనడమే కాదు, మద్యం బోర్డులు, యాడ్లు కూడా హైవే మీద ఉండకూడదంది, ఆ రెండో సంగతి ఎవరికీ గుర్తు లేదు.

లేబుల్ మారిస్తే ఏమవుతుంది, తాగేవాడు మానేస్తాడా అని మా ఆఫీసులోనే అడుగుతారు. కెనడాలో యూకాన్ అని ఉత్తరాన చలి ప్రాంతం ఉంది, అక్కడ మందు షాపు ప్రభుత్వానిదే. 2017 నవంబరులో వైట్‌హార్స్‌లోని ఆ షాపులో సీసాల మీద పసుపు రంగు స్టిక్కర్లు వేశారు, మద్యం క్యాన్సర్ తేగలదు అని. నెల తిరక్కుండానే కంపెనీల నుంచి ఒత్తిడి వచ్చి ఆపేశారు, తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు గానీ క్యాన్సర్ స్టిక్కర్ తీసేసి, దానితో పాటు వేసిన మిగతావి (సీసాలో ఎన్ని డ్రింకులు ఉన్నాయి లాంటివి) ఉంచారు. అయినా సరే, తర్వాత లెక్కలు చూస్తే స్టిక్కర్లు వేసిన రకాల అమ్మకం తలసరి 6-7 శాతం తగ్గింది. పనిచేయని స్టిక్కరైతే అంత హడావుడిగా తీయించే అవసరం ఏముంటుంది చెప్పండి. ఐర్లాండ్ అయితే 2018లోనే చట్టం చేసింది, క్యాన్సర్, లివర్ జబ్బు, కడుపుతో ఉన్నప్పుడు ప్రమాదం, క్యాలరీలు, ఆల్కహాల్ గ్రాముల్లో, అన్నీ లేబుల్ మీద ఉండాలని, 2023లో రూల్స్ మీద సంతకం అయింది, 2026 మే నుంచి అమలు కావాల్సింది, 2025లో వ్యాపార పరిస్థితులు బాగాలేవని 2028 సెప్టెంబరుకి జరిపారు. వైన్ దేశమైన ఫ్రాన్స్‌లో 1991 నుంచే టీవీలో, సినిమా హాళ్ళలో మందు యాడ్లు లేవు.

యూకాన్ సంగతి నేను ఎందుకు ఇంత పట్టుకున్నానంటే, మన దగ్గర కూడా హోల్‌సేల్ ప్రభుత్వ కార్పొరేషన్ చేతిలోనే ఉంది, తెలంగాణలోనూ ఆంధ్రలోనూ. డిస్టిలరీ నుంచి వచ్చిన ప్రతి సీసా ప్రభుత్వ డిపో మీదుగానే షాపుకి వెళ్ళాలి. మద్యం రాష్ట్రాల సబ్జెక్టు, లేబుల్‌కి ఎక్సైజ్ శాఖ అప్రూవల్ ఉండాలి. తెలంగాణలో 2025లో షాపు అప్లికేషన్‌కి వెనక్కి రాని ఫీజు 3 లక్షలు పెట్టగలిగిన ప్రభుత్వం, సీసా మూత మీద హోలోగ్రామ్ ఎక్కడ ఉండాలో చెప్పగలిగిన ప్రభుత్వం, వెనకవైపు సగం లేబుల్ తెలుగు హెచ్చరికకి ఇవ్వాలి, లేకపోతే డిపోలోకి తీసుకోం అని చెప్పలేదా? ఢిల్లీ వైపు చూడక్కర్లేదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూలే రాష్ట్ర భాషకి తలుపు తెరిచి ఉంచింది. నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 43 శాతం తాగుతారు, దేశం మొత్తం మీద 19 శాతమే. అరుణాచల్ తర్వాత మనమే. ఆదాయం మీద ఆధారపడ్డ ప్రభుత్వం అమ్మకం తగ్గే పని ఎందుకు చేస్తుంది అంటారు, నిజమే, అందుకే అడగాలి.

అడిగితే ఏమవుతుందో తెలియని జనం కాదు మనం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, తాగుడు వల్ల నాశనమైన ఒక కుటుంబం గురించి పాఠం చదివి, అది తమ కథే అని గుర్తుపట్టి, రోశమ్మ లాంటివాళ్ళు ముందుండి సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యానికే వచ్చింది, 1997లో సడలించారు. నిషేధం మళ్ళీ తేవాలా వద్దా అన్నది వేరే వాదన, నేను ఇక్కడ దాని జోలికి పోను, దొంగ మందు, కల్తీ మందు కష్టాలు కూడా ఆ రోజుల్లో చూశాం. నేను అడిగేది దానికంటే చాలా చిన్నది. అమ్మండి, కానీ ఏం అమ్ముతున్నారో చదవగలిగే అక్షరాల్లో రాయండి. బ్రాండ్ పేరుతో వచ్చే సోడా, నీళ్ళు, గ్లాసుల యాడ్లు మొత్తం ఆపండి, ఆటల దగ్గర ముఖ్యంగా.

నా వంతుగా క్వార్టర్ సీసా వెనక లేబుల్‌కి ఒక ఆర్ట్‌వర్క్ చేశాను. మామూలు లేబుల్ కొలతల్లోనే, కింది సగం తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అక్షరాలు, చుట్టూ ఎర్ర గీత. "ఈ సీసాలో 61 గ్రాముల ఆల్కహాల్ ఉంది. మద్యం వల్ల నోరు, గొంతు, అన్నవాహిక, లివర్, పేగు, రొమ్ము క్యాన్సర్లు వస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు తాగితే బిడ్డకి ప్రమాదం." ఆ సగం జాగాలోనే తెలుగు 4 మిల్లీమీటర్ల ఎత్తులో పట్టేసింది, ఎంఆర్‌పీకి, బ్యాచ్ నంబరుకి కూడా జాగా మిగిలింది. జాగా లేదు అని ఎవరైనా అంటే చూపించడానికి ఉంటుందని చేశాను. ఉర్దూలో కూడా ఒకటి చేస్తున్నా. ప్రింట్ తీసి ఒక వినతిపత్రంతో ఎక్సైజ్ కమిషనర్ ఆఫీసుకి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి పంపిస్తున్నాను. మీ ఊరి మహిళా సంఘమో, కాలేజీ వాళ్ళో, డాక్టర్లో ఎవరైనా పంపించాలనుకుంటే రాయండి, ఫైల్ ఇస్తాను, పేరు మీదే పెట్టుకోండి. యాడ్ల సంగతికి ఇంకా తేలిక దారి ఉంది, టీవీలోనో ఫోన్లోనో మందు పేరుతో సోడా యాడ్ కనపడితే స్క్రీన్ షాట్ తీసి పెట్టుకుని, తేదీ, టైమ్, ఛానల్ పేరు రాసుకుని, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించండి. తెలుగులోనే చెప్పొచ్చు.